ఊళ్ళో రాజీ అయింది, కోర్టులో వారంటు పడింది: ఆయన్ని రమ్మనాలా, వద్దనాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర పల్లె. 2023లో పొలం గట్టు విషయంలో మా ఆయనకీ, మా బావగారికీ పక్క పొలం వాళ్ళతో గొడవైంది. వాళ్ళకి దెబ్బలు తగిలి కేసు పెట్టారు. ఛార్జిషీటులో 341, 323, 294, 506, 34 అని సెక్షన్లు వేశారు. కోర్టులో 20,000కి జామీను అడిగితే మా ఆయన మేనమామ తన పట్టా చూపించి సంతకం పెట్టారు. మా ఆయన నాలుగైదు వాయిదాలకు వెళ్ళారు. తర్వాత ఊరి పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. 15,000 ఇచ్చి కాగితం రాసుకున్నాం. కేసు అయిపోయిందనుకుని మా ఆయన హైదరాబాదు టైల్స్ పనికి వెళ్ళిపోయారు. రెండు వాయిదాలు పోయాయట. బావగారు వెళ్తూనే ఉన్నారు కానీ ఆయనకీ మాకూ మాటల్లేవు. మొన్న ఇద్దరు పోలీసులు ఇంటికి వచ్చి వారంటు ఉందన్నారు. మేనమామగారు నా పొలం పోతుందా అని రోజూ అడుగుతున్నారు. మా అత్తగారేమో, రాష్ట్రం దాటితే వీళ్ళేం చేయలేరు, దసరాకి కూడా రావద్దని చెప్పు అంటున్నారు. ఇంకొకాయన 5,000 ఇస్తే స్టేషన్లోనే వారంటు తీయించేస్తానంటున్నాడు. నాకు ఒడియా చదవడం రాదు. ఆయన్ని రమ్మనాలా, వద్దనాలా? వస్తే జైల్లో పెట్టేస్తారా?

జవాబు: అమ్మా, రమ్మనండి. దసరా దాకా కూడా ఆగకండి. పోలీసులు పట్టుకుని తీసుకురాకముందే ఆయన తన కాళ్ళతో నడిచి కోర్టు గుమ్మం ఎక్కాలి. ఈ ఉత్తరానికి నేను చెప్పే అసలు జవాబు ఇదే. తనంతట తాను వచ్చిన మనిషినీ, కానిస్టేబులు పట్టుకొచ్చిన మనిషినీ మేజిస్ట్రేటు ఒకేలా చూడరు. కేసు అదే, సెక్షన్లు అవే, తప్పిన వాయిదాలు కూడా అవే. అయినా మొదటివాడు పొరపాటు పడ్డాడని కోర్టు నమ్మడానికి వీలుంటుంది. రెండోవాడు తప్పించుకు తిరిగాడనే అనుకుంటుంది.

నేను ఇరవై రెండేళ్ళుగా ఒడిశా, ఆంధ్రా సరిహద్దుకి రెండు వైపులా, ఇటు పర్లాకిమిడిలోనూ అటు పాతపట్నంలోనూ కేసులు చూస్తున్నాను. ఈ పనిలోకి రావడానికి మా ఇంట్లో జరిగిందే కారణం. నేను కాలేజీలో ఉండగా మా పెదనాన్న ఒక చిన్న కొట్లాట కేసులో రెండు వాయిదాలు తప్పారు. భయపడి ఏడాదిన్నర పాటు ఊరికి దూరంగా బంధువుల ఇళ్ళల్లో తిరిగారు. కూతురి పెళ్ళికి ముందు రోజు రాత్రి ఇంటికొచ్చారు. తెల్లవారేసరికి పోలీసులు వాకిట్లో ఉన్నారు. పందిట్లో కాళ్ళు కడగాల్సిన మనిషి పదకొండు రోజులు సబ్ జైల్లో ఉన్నారు. ఆ కేసు చివరికి జరిమానాతో పోయింది. మా అక్క పెళ్ళి ఫొటోల్లో మాత్రం ఈరోజుకీ ఆయన లేరు. మీ అత్తగారి భయం నాకు బాగా తెలుసు, మా నాయనమ్మా ఇలాగే అంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఈ రాజీ సంగతి. అసలు చిక్కు మొదలైంది అక్కడే. పోలీసు కేసులో వాది పక్క పొలం ఆయన కాదు, ప్రభుత్వం. కాగితాల మీద చూడండి, ఒడిశా రాష్ట్రం వర్సెస్ మీ ఆయన పేరు అని ఉంటుంది. దెబ్బలు తిన్న మనిషి ఇందులో సాక్షి మాత్రమే. ఆయనా మీరూ చేతులు కలుపుకుని, డబ్బిచ్చి, పెద్దల ముందు వేలిముద్రలు వేసినా ఆ కాగితం కోర్టు ఫైలులోకి వెళ్ళేదాకా మేజిస్ట్రేటుకి ఏమీ తెలియదు. రాజీ జరిగిన మర్నాడు కూడా మీ ఆయన ముద్దాయే. వాయిదా ఉంటే వెళ్ళాల్సిందే. ఊరి పెద్దలు మంచి పనే చేశారు, కాకపోతే వాళ్ళు పగను ఆపారు, కేసును ఆపలేదు. మన పల్లెల్లో వాయిదాలు తప్పడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. మీ సెక్షన్లు పాత శిక్షాస్మృతి, అంటే ఐపీసీవి. 34 అంటే కలిసి చేశారని మాత్రమే. మిగతావాటిలో 323 అంటే కొట్టడం, 341 అంటే దారికి అడ్డుపడటం, 506 అంటే బెదిరించడం. ఇవి బాధితుడు కోర్టుకి వచ్చి ఒప్పుకుంటే రాజీ పడదగినవి. 294 అలా కాదు. నలుగురిలో బూతులు తిట్టారని పెట్టే ఆ సెక్షను చట్టప్రకారం రాజీ పడదగినది కాదు. మన వైపు గట్టు తగాదా ఏదైనా సరే ఈ నాలుగు సెక్షన్లూ కలిపే వస్తాయి, అందుకే రాజీ పిటిషన్ వేశాక కూడా 294 ఒక్కటి మిగిలి కేసు నడుస్తూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్కదాన్ని సాక్షుల వాంగ్మూలాల తర్వాతైనా తేల్చుకోవాలి, లేదా కటక్‌లోని హైకోర్టుకి వెళ్ళి కొట్టేయించుకోవాలి. ఏ దారిలో వెళ్ళినా, వారంటు పైనుండగా ఇవి ముందుకు కదలడం కష్టం. కాబట్టి రాజీ కాగితం భద్రంగా దాచండి, తర్వాత పనికొస్తుంది. మొదటి పని మాత్రం వారంటు తీయించుకోవడం.

ఆ రెండు వాయిదాల రోజున కోర్టులో ఏం జరిగి ఉంటుందో చెబుతాను. మన ఒడిశా కోర్టుల్లో ముద్దాయి ఉదయమే హాజిరా కాగితం వేస్తాడు. పేరు పిలిచినప్పుడు లేచి నిలబడతాడు. రాలేకపోతే వకీలు కారణం రాసి, ఈ ఒక్క పూటకి మన్నించండి అని పిటిషన్ పెడతారు. కేసులు నడిపే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 317, కొత్త నాగరిక సురక్షా సంహితలో 355. జ్వరం వచ్చిందనో, ఇంట్లో చావు జరిగిందనో సరైన కారణం చూపిస్తే ఒకటి రెండుసార్లు కోర్టు ఒప్పుకుంటుంది. మీ ఆయనా వెళ్ళలేదు, వకీలుకీ కబురు లేదు, పిటిషనూ లేదు. పేరు పిలిస్తే పలికినవారు లేరు. అప్పుడు కోర్టు బాండు రద్దు చేసి వారంటు రాస్తుంది. పక్కనే మీ బావగారు నిలబడి ఉండి, తమ్ముడు రాలేదని తెలిసి కూడా మాట్లాడలేకపోయి ఉంటారు. ఆయనతో మాటలు కలపండి అమ్మా. ఈ కేసులో ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు. ఒక ముద్దాయి రాకపోతే రెండోవాడి విచారణ కూడా ఆగిపోతుంది, లేదా కేసును రెండు ముక్కలు చేసి విడివిడిగా నడుపుతారు. అప్పుడు రాజీ కూడా రెండుసార్లు పెట్టుకోవాలి, సాక్షులు రెండుసార్లు రావాలి. గత రెండు వాయిదాల్లో కోర్టు ఏమందో మీ ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కరే.

వారంటులో రెండు రకాలు. బెయిలబుల్ అయితే పోలీసులు వచ్చి, ఫలానా తేదీకి కోర్టుకి వస్తానని జామీను రాయించుకుని వదిలేస్తారు. నాన్ బెయిలబుల్ అయితే, మనవాళ్ళు ఎన్‌బీడబ్ల్యూ అంటారే అది, పట్టుకుని కోర్టులో హాజరుపరచాలి. మీ ఉత్తరంలో ఏ రకమో లేదు. మొదట తెలుసుకోవాల్సింది అదే. ముందు సమను, తర్వాత బెయిలబుల్ వారంటు, అప్పటికీ రాకపోతేనే నాన్ బెయిలబుల్ అన్న వరుస పాటించాలని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. 2022లో సతేందర్ కుమార్ అంటిల్ తీర్పులో ఇంకాస్త వివరంగా చెప్పింది. ఏడేళ్ళు లేదా అంతకంటే తక్కువ శిక్ష పడే నేరాల్లో నాన్ బెయిలబుల్ వారంటు పడినా, అది అమలు కాకముందే ముద్దాయి తరఫున పిటిషన్ వేసి, వచ్చే వాయిదాకి నేనే స్వయంగా వస్తానని హామీ ఇస్తే, మనిషి రాకుండానే ఆ వారంటును రద్దు చేయవచ్చు, బెయిలబుల్‌గానో సమనుగానో మార్చవచ్చు అని ఆ తీర్పులో ఉంది. మీ ఆయన సెక్షన్లలో పెద్దది 506, దానికి మామూలుగా రెండేళ్ళ వరకు, చంపుతామని బెదిరించారని ఉంటే ఏడేళ్ళ వరకు శిక్ష. కాబట్టి ఈ తీర్పు మీకు సరిగ్గా అక్కరకొస్తుంది. వకీలుగారిని ఈ పేరు చెప్పి అడగండి.

అయితే ఒక్క మాట. కోర్టు అలా చేయవచ్చు అన్నారు, చేసి తీరాలని కాదు. అమలు కాకముందే అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి. రేపు ఏదో ఒక రోజు మీ ఆయన్ని పోలీసులు పట్టుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. పిటిషన్ వేసి ఆయన ఇంట్లో కూర్చుంటే చాలని కూడా నేను అనను. వకీలు వెళ్ళి అడిగినప్పుడు, మనిషి ఊళ్ళోనే ఉన్నాడు, పిలిస్తే గంటలో వస్తాడు అని చెప్పగలిగితే ఆ పిటిషన్‌కి బలం వస్తుంది.

ఇక జైలు మాట. ఇవన్నీ బెయిలబుల్ సెక్షన్లు. బెయిలు అడగడం హక్కు. అందుకని భయం లేదని చాలామంది చెబుతారు. సగం నిజమే. బెయిలు తీసుకుని చెప్పిన తేదీకి రానివాడికి, అదే కేసులో రెండోసారి బెయిలు నిరాకరించే అధికారం కోర్టుకి ఉంది. పాత చట్టంలో 436లో రెండో ఉపసెక్షను, కొత్తదాంట్లో 478లో రెండోది. అంటే మొదట హక్కుగా దొరికిన బెయిలు, వాయిదా తప్పాక మేజిస్ట్రేటు దయ మీద ఆధారపడుతుంది. నిజాయితీగా చెబితే, తనంతట తాను వచ్చి, తప్పైంది, ఇకమీదట వస్తాను అని చెప్పి, కారణానికి కాగితం చూపించి, జామీను సిద్ధంగా పెట్టుకున్న మనిషిని ఇంత చిన్న కేసులో అదే రోజు వదిలేయడమే నేను ఎక్కువగా చూశాను. కొద్దిగా ఖర్చు కట్టమంటారు, కొత్త బాండు రాయమంటారు, రెండు గట్టి మాటలు చెబుతారు. ఒకటి రెండు రోజులు లోపలికి పంపిన సందర్భాలూ ఉన్నాయి. పంపరని మీకు మాట ఇవ్వలేను. పరారీలో ఉంటే వచ్చే ప్రమాదం ముందు ఇది చాలా చిన్నదని మాత్రం చెప్పగలను.

పరారీలో ఉంటే ఏమవుతుంది? రాష్ట్రం దాటితే ఏం చేయలేరన్నది తప్పు. అరెస్టు వారంటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మనం ఆటోలో తిరుగుతున్నట్టే అదీ తిరుగుతుంది. కోర్టు దాన్ని అక్కడి పోలీసులకే పంపించి అమలు చేయించవచ్చు. హైదరాబాదులో పట్టుకుంటే అక్కడి మేజిస్ట్రేటు ముందో, పోలీసు కమిషనరు ముందో పెట్టి, ఇక్కడికి పంపుతారు. సెక్షన్లు బెయిలబుల్ కాబట్టి అక్కడే జామీను ఇస్తానని అడగవచ్చు. కానీ ఆ ఊళ్ళో, ఆ పూట, మీ ఆయనకి జామీను నిలబడేదెవరు?

అప్పటికీ దొరక్కపోతే కోర్టు ప్రకటన వేయిస్తుంది. కనీసం 30 రోజుల గడువిచ్చి, ఊళ్ళో నలుగురూ వినేలా చదివి, మీ ఇంటి గోడకి అంటిస్తారు. తర్వాత ఆస్తి జప్తు దాకా వెళ్ళవచ్చు. ఆ ప్రకటనకి కూడా రాకపోతే అదొక కొత్త నేరం, మూడేళ్ళ వరకు శిక్ష. అసలు బెయిలు మీద ఉండి సరైన కారణం లేకుండా కోర్టుకి రాకపోవడమే ఒక నేరం. కొత్త న్యాయ సంహితలో 269వ సెక్షను, ఏడాది వరకు శిక్ష. గట్టు మీద కొట్టినందుకు 323 కింద ఉన్నదీ ఏడాదే. దెబ్బ కొట్టినదానికీ, కోర్టుకి రానిదానికీ చట్టం ఒకే బరువు వేసిందని మీ అత్తగారికి చెప్పండి. కొన్నాళ్ళు పోతే కేసు పాతబడి పోతుందన్న ఆశ కూడా వద్దు. వారంటును కోర్టు రద్దు చేసేదాకానో, అమలయ్యేదాకానో అది బతికే ఉంటుంది. పదేళ్ళ తర్వాత పాస్‌పోర్టుకి వెళ్ళినా, గల్ఫ్ పనికి పోలీసు సర్టిఫికెట్ అడిగినా అది బయటపడుతుంది.

మేనమామగారికి ఈ మాట ఈరోజే చెప్పండి. పట్టా చూపించడం అంటే పొలం తాకట్టు పెట్టడం కాదు. ఈ మనిషికి అంత స్తోమత ఉంది అని కోర్టు చూసుకోవడానికే ఆ కాగితం. ఆయన బాధ్యత 20,000 వరకే. అది కూడా వెంటనే కట్టమనరు. ముందు బాండు జప్తు చేసినట్టు రాసి, ఎందుకు కట్టకూడదో చెప్పు అని నోటీసు ఇస్తారు. ఆ నోటీసు వస్తే పెట్టెలో పడేయకూడదు. జవాబు ఇవ్వాలి. మీ ఆయన అప్పటికే కోర్టుకి వచ్చేసి ఉంటే, జామీనుదారు వల్లే వచ్చాడని చూపిస్తే, ఆ మొత్తంలో కొంత తగ్గించే అధికారం కోర్టుకి ఉంది. జవాబూ లేక, డబ్బూ కట్టకపోతేనే జరిమానా వసూలు చేసినట్టు ఆస్తి మీదకి వస్తారు. ఆయనకి భయం తీరకపోతే, జామీను నుంచి తప్పుకుంటానని పిటిషన్ వేసుకునే హక్కు ఉంది. అలా వేస్తే మీ ఆయన కొత్త జామీను తెచ్చుకోవాలి, లేకపోతే లోపలికి వెళ్ళాలి. అందుకే ఆయన్ని విసుక్కోకండి. ఆయన రోజూ అడుగుతున్నది మీ మీద కోపంతో కాదు, నమ్మి సంతకం పెట్టినందుకు. మీ ఆయన చేత ఈ రాత్రే ఆయనకి ఫోన్ చేయించి, నేను వస్తున్నాను మామా అని చెప్పించండి. కోర్టుకి వెళ్ళే రోజు ఆయన పక్కన ఉంటే అంతకంటే మంచి జామీను దొరకదు.

5,000 అడిగిన మనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి. వారంటు రాసింది కోర్టు, తీసేయగలిగింది కూడా ఆ కోర్టే. స్టేషన్లో ఎంత పెద్ద అధికారి అయినా దాన్ని రద్దు చేయలేరు. మహా అయితే కొన్నాళ్ళు మీ ఇంటికి రాకుండా ఉంటారు, ఆ తర్వాత ఇంకొకరు వస్తారు. అదే 5,000 దారి ఖర్చుకీ, కోర్టు ఖర్చుకీ వస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఫోన్లో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే యాప్ ఉంది, ఉచితం. ఒడిశా, గజపతి జిల్లా ఎంచుకుని మీ ఆయన పేరుతోనో, కేసు నంబరుతోనో, కాగితం మీద 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే దానితోనో వెతకండి. మన దగ్గర పోలీసు కేసుకి జీ.ఆర్. నంబరు ఉంటుంది. ఆంధ్రా వైపు చుట్టాలు సీ.సీ. నంబరు అడుగుతారు, అది చూసి కంగారుపడకండి. తర్వాతి వాయిదా ఎప్పుడు, కేసు ఏ దశలో ఉంది, గత వాయిదాల్లో ఏం జరిగింది అన్నది అందులో కొంతవరకు తెలుస్తుంది. తర్వాత వకీలుగారి మొహరిరుకి, అంటే గుమాస్తాకి, ఫోన్ చేసి రెండే అడగండి: వారంటు ఏ రకం, దాన్ని తీసేయమని అడిగే రీకాల్ పిటిషన్ ఏ రోజు వేయవచ్చు. వకీలు మీద కోపం ఉన్నా ఇప్పుడు చూపించకండి. మీ ఆయన హైదరాబాదు వెళ్ళాక నంబరు మార్చి ఉంటే ఆయనకి చెప్పే దారే లేదు.

కోర్టు చుట్టూ తిరగడానికి డబ్బు లేదనుకుంటే, పర్లాకిమిడి కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

కోర్టుకి వెళ్ళే రోజు విషయంలో నా మాట వినండి. వరుస సెలవులకు ముందు రోజు లొంగిపోవద్దు. ఒకవేళ ఆ పూట బెయిలు తేలకపోతే సెలవులన్నీ లోపలే గడపాలి. వారం మొదట్లో వెళ్ళండి. హైదరాబాదు నుంచి రెండు రోజుల ముందే బయల్దేరి, పలాసలో దిగి, బస్సెక్కి ముందు రోజు రాత్రికల్లా ఇంట్లో ఉండాలి. అదే రోజు పొద్దున్న రైలు దిగి పరుగెత్తుకొస్తే, రైలు ఆలస్యమైతే మూడో వాయిదా కూడా పోయినట్టే. ఎండాకాలంలో ఒడిశా కింది కోర్టులు పొద్దున పూటే నడుస్తాయని మీకు తెలిసే ఉంటుంది. పది గంటలకి తీరిగ్గా వచ్చి, పేరు పిలిచేశారని తెలిసి ఏడ్చినవాళ్ళను చూశాను. వెంట ఆధార్, పాత బెయిలు కాగితాలు, ఫొటోలు, హైదరాబాదులో పని చేస్తున్నట్టు మేస్త్రీ దగ్గర్నుంచి ఉత్తరం, రాజీ కాగితం నకలు తీసుకెళ్ళండి. మేనమామగారు తన ఆధార్, పట్టా తెచ్చుకోవాలి. ఆయన రాకపోతే వేరే జామీనుదారుని ముందే మాట్లాడి ఉంచండి. కోర్టు గేటు దగ్గర డబ్బులకి జామీను ఉంటామనే వాళ్ళ జోలికి వెళ్ళకండి. వాళ్ళ కాగితాలు దొంగవని తేలితే మీ ఆయన మీద ఇంకో కేసు.

మేజిస్ట్రేటు ఎందుకు రాలేదని అడిగితే మీ ఆయన నిజమే చెప్పాలి. రాజీ అయింది కాబట్టి అయిపోయిందనుకున్నాను, తెలియక చేశాను. అంతే. ఒంట్లో బాగోలేదని దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టమని ఎవరైనా చెబుతారు, చెప్పకుండా ఉండరు. పెట్టకండి. తెలియక తప్పడం కోర్టు అర్థం చేసుకుంటుంది. దొంగ కాగితం పెడితే మన్నించదు.

వారంటు రద్దయ్యాక చాలామంది సంతోషంతో ఇంటికొచ్చేస్తారు. అక్కడే ఇంకో చిక్కు. స్టేషన్ రిజిస్టరులో ఆ వారంటు అలాగే ఉండిపోవచ్చు. రీకాల్ ఆర్డరు కాపీ తీసుకుని ఒకటి స్టేషన్లో ఇప్పించి, ఒకటి ఇంట్లో, ఒకటి మీ ఆయన ఫోన్లో ఫొటోగా ఉంచండి. ఈలోగా పోలీసులు మళ్ళీ ఇంటికి వస్తే గొడవపడకండి. వారంటు చూపించమని మర్యాదగా అడగండి, పట్టుకునే మనిషి అడిగితే చూపించాలని చట్టంలోనే ఉంది. ఒడియాలో ఉంటే ఫొటో తీసి చదివించుకోండి. ఆయన్ని పట్టుకుంటే, ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంటికి చెప్పాల్సిన బాధ్యత వాళ్ళదే. దారి ప్రయాణం మినహా 24 గంటల్లో కోర్టు ముందుంచాలి.

ఆ తర్వాత మళ్ళీ హైదరాబాదు వెళ్ళక తప్పదని నాకు తెలుసు, ఇల్లు గడవాలి. అందుకే వకీలుగారితో ముందే మాట్లాడుకోండి. ప్రతి వాయిదాకీ మనిషి కావాలా, తన తరఫున వకీలు నిలబడితే చాలా అని కోర్టుని అడగవచ్చు. దూరంగా కూలి పని చేస్తున్నాడని చూపిస్తే కొన్ని వాయిదాలకు ఒప్పుకోవచ్చు. కొత్త చట్టంలో వీడియో ద్వారా హాజరు కావడాన్నీ హాజరుగానే లెక్కేశారు. మీ కేసు పాతది, మీ కోర్టు ఎంతవరకు ఒప్పుకుంటుందో అక్కడే అడగాలి. అడగకుండా మాత్రం ఇంట్లో ఉండకూడదు. రాలేని ప్రతిసారీ ముందు రోజే మొహరిరుకి ఫోన్, పిటిషన్. వాయిదా రోజున పనికి వెళ్ళినందుకు వచ్చే కూలి ఎంత, వారంటు తీయించడానికి అయిన ఖర్చెంత అని మీ ఆయన చేతే లెక్క వేయించండి.

అదే రోజు రాజీ పిటిషన్ సంగతి కూడా మొదలుపెట్టండి. పక్క పొలం ఆయన కోర్టుకి వచ్చి ఒప్పుకుంటానంటే తేదీ అడిగి పెట్టించుకోండి, లేదా లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. ఆ 15,000 ఇచ్చి రాసుకున్న కాగితానికి అప్పుడు అర్థం వస్తుంది. ఆయన మనసు మారకముందే, ఆయన ఊళ్ళో ఉండగానే.

చివరగా మీ గురించి. ఒడియా చదవడం రాదన్నారు. వాయిదా తేదీ చీటీ మీద ఒడియా అంకెల్లో రాసి ఇస్తే మన అంకెలకీ వాటికీ పోలిక ఉండదు. ఒడియాలో రాసిన తేదీని ఎవరో నోటితో చెబితే నమ్మి వాయిదా తప్పినవాళ్ళు ఉన్నారు. కోర్టుకి వెళ్ళే రోజు మీరు కూడా వెళ్ళండి. బయటికి వచ్చే ముందు తర్వాతి తేదీని మొహరిరు చేత మామూలు అంకెల్లో రాయించుకోండి. యాప్‌లో పడిన తేదీ కూడా అదేనా అని సరిచూసి, ఇంటికొచ్చాక క్యాలెండరులో మీ చేత్తో రాయండి. దాని పక్కనే బావగారి ఫోన్ నంబరు కూడా.